కాలేజీ వదిలినవాళ్ళని కలిపి ఉంచడం ఎలా: ఒక పాత సంగతి, ఒక ఇవాళ్టి కబురు

పూర్వ విద్యార్థులందరినీ కలుపుదాం అనుకోగానే అందరూ చేసే మొదటి పని వాట్సాప్ గ్రూపు తెరవడం. మొదటి వారం పండగలా ఉంటుంది, "ఒరేయ్ నువ్వా", "ఎక్కడున్నావే ఇన్నాళ్ళూ" అంటూ రోజుకి రెండొందల మెసేజీలు, పాత ఫొటోలు, ఏడుపులు. మూడో నెలకి గుడ్ మార్నింగ్ పూలబొమ్మలూ పార్టీల వీడియోలూ మిగులుతాయి. ఆరో నెలకి సగంమంది మ్యూట్‌లో పెట్టేస్తారు. గోదావరి ఒడ్డున ఉన్న మా కాలేజీ గ్రూపుకీ అచ్చం ఇదే జరిగింది. ఆ తర్వాత నలుగురం కూర్చుని వాట్సాప్‌లోనే నెలకో ఉత్తరం పంపడం మొదలుపెట్టాం, ఇప్పటికి ఏడేళ్ళు, ఒక్క నెల కూడా మానలేదు. ఆ ఏడేళ్ళలో తెలిసింది ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా తమ కాలేజీకి మొదలుపెడతారేమోనని.

పాత సంగతి చూస్తే జనం పరిగెత్తుకుని వస్తారు, కానీ ఉత్త పాత సంగతులే అయితే నాలుగు నెలల్లో సరుకైపోతుంది. ఉత్త కాలేజీ వార్తలే పంపితే, తెలియని పిల్లలు, తెలియని మాస్టార్లు, ఎవరూ తెరవరు. అందుకని రెండిటినీ ఒకే చోటికి కట్టి రాయాలి. చోటు అంటే నిజంగానే చోటు: మెస్సు, లైబ్రరీ మెట్లు, సైకిల్ స్టాండు, బస్సు ఆగే మలుపు. ఒక నెల ఒక చోటు. అప్పుడు అక్కడ ఏం జరిగేది, ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోంది. మా ఉత్తరం అంతా ఈ పద్ధతి మీదే నడుస్తుంది.

ముందు జాబితా తయారుచేసుకోవాలి, దీనికి అడ్డదారి లేదు. అడ్మిషన్ రిజిస్టర్లు ఆఫీసులో ఉంటాయి. ప్రిన్సిపాల్ గారికి లెటర్ పెట్టి, ఆఫీసువాళ్ళ ఎదురుగానే కూర్చుని, సంవత్సరం, పేరు, గ్రూపు, ఊరు, ఈ నాలుగే రాసుకోండి. కులం, పుట్టినతేదీ ఆ పేజీలోనే ఉన్నా మనకి అక్కర్లేదు, పేజీ మొత్తం ఫొటో తీసుకోకండి. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం కూడా వచ్చింది. ఫోన్ నంబర్లు మాత్రం ఎవరిది వాళ్ళనే అడిగి, దేనికి వాడతారో చెప్పి తీసుకోవాలి, వద్దంటే ఆ రోజే తీసెయ్యాలి.

మన వైపు మనిషిని వెతకాలంటే ఊరు పట్టుకోవాలి. రిజిస్టర్లో ఒక ఇనిషియలూ ఒక పేరూ, పక్కన ముమ్మిడివరం అనీ ఉంటుంది. ఫేస్‌బుక్‌లో ఆ పేరు వెతికితే వందమంది వస్తారు. అదే ముమ్మిడివరంలో తెలిసిన ఒక్కరికి ఫోన్ చేసి "ఫలానా సంవత్సరం మా కాలేజీలో బీఎస్సీ చదివిన ఆవిడ ఎవరండీ" అంటే, సాయంత్రానికల్లా "మా మేనత్త గారి తోడికోడలండీ, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నారు" అని జవాబు వస్తుంది. ఇంకో మాట, అమ్మాయిల్ని వెతకడంలో చాలా సంఘాలు చేతులెత్తేస్తాయి. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయి ఉంటుంది, ఫోన్లో భర్త ఇంటిపేరు ఉంటుంది, రిజిస్టర్లో పుట్టింటిది. మా మొదటి జాబితా చూసుకుంటే దాదాపు అందరూ మగాళ్ళే, అది చూసి నిజంగా సిగ్గేసింది. అప్పట్నుంచి ఫారంలో మొదటి గడి "కాలేజీలో ఉన్నప్పటి మీ పేరు", రెండో గడి "ఇప్పటి పేరు". ఇంకా ఒక్కో బ్యాచ్‌కీ ఇద్దరు బాధ్యులు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తినంత ధైర్యంగా తెలియని మగగొంతుకి ఎవరూ ఎత్తరు.

కాలేజీ పేరు మారిన సంగతి మర్చిపోకండి. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీనే చూడండి, 1946లో విశాఖపట్నంలో మొదలై కాకినాడకి వచ్చింది, 1972లో జేఎన్‌టీయూలో కలిసింది, 2008లో కాకినాడ జేఎన్‌టీయూ పేరుతో తనే విశ్వవిద్యాలయం అయింది. ఒకే చెట్ల కింద తిరిగినవాళ్ళ సర్టిఫికెట్ల మీద పేర్లు వేరు. మన డిగ్రీ కాలేజీల సంగతీ అంతే, పాతవాళ్ళ పట్టా మీద ఆంధ్రా యూనివర్సిటీ, 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక చదివిన పిల్లల పట్టా మీద ఆ పేరు. 2022లో జిల్లాలు కూడా విడిపోయాయి. "తూర్పు గోదావరి జిల్లా" అని వెతికే అమెరికా మనిషికి అమలాపురం ఇప్పుడు కోనసీమ జిల్లా అని తెలియకపోవచ్చు. పిలుపులో పాత పేర్లన్నీ వరసగా రాయండి. తన కాలం నాటి పేరు కనబడకపోతే "ఇది మనది కాదులే" అనుకుని వెళ్ళిపోతారు.

ఇక జ్ఞాపకాలు రాబట్టడం. "మీ మధుర జ్ఞాపకాలు పంచుకోండి" అని అడిగితే "ఆ రోజులే వేరు" అనే ముక్క ఒకటి వస్తుంది, అంతకుమించి రాదు. చిన్నది, చేత్తో పట్టుకోగలిగింది అడగాలి. ఆదివారం మెస్సులో ఏం వండేవారు? హాజరు పిలిచేటప్పుడు మీ నంబరెంత? రికార్డు సంతకం కోసం ఎవరి ఇంటికి వెళ్ళేవారు? నెలాఖరులో ఎవరి దగ్గర అప్పు చేసేవారు? హాజరు నంబరు అడిగితే ఎంతమంది రాస్తారో మీరే చూస్తారు, నలభై ఏళ్ళైనా అది ఎవరికీ పోదు.

సంవత్సరం మాత్రం అడక్కండి, ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. మన డెల్టా మనుషులకి కాలం నీళ్ళతో గుర్తుంటుంది. 86 వరదకి ముందా తర్వాతా? 91 పుష్కరాలప్పుడు మీరు ఏ ఇయరు? రాజమండ్రి హేవలాక్ వంతెన మీద ఇంకా రైళ్ళు నడిచేవా? (అవి 1997లో ఆగిపోయాయి, కాబట్టి ఆ జవాబుతో కాలం తేలిపోతుంది.) యానాం–ఎదుర్లంక వంతెన రాకముందు పంటు మీద దాటి వచ్చేవారా? ఇలా అడిగితే సంవత్సరం దానంతటదే బయటపడుతుంది, పైగా దాంతో పాటు ఒక కథ కూడా వస్తుంది.

మాకు అన్నిటికంటే ఎక్కువ జవాబులు వచ్చిన ప్రశ్న ఒక్క లైను: "1996 నవంబరు 6 రాత్రి మీరు ఎక్కడున్నారు?" ఆ రాత్రి కోనసీమని కొట్టిన తుపాను గురించి మా వైపు ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు. ఒకాయన హాస్టల్ మెస్సు హాల్లో బల్లలన్నీ తలుపుకి అడ్డంపెట్టి పట్టుకున్నాం అని రాశారు. ఒకావిడ మర్నాడు బస్సులు లేక, రోడ్డుకి అడ్డంగా పడిన కొబ్బరిచెట్ల మీంచి ఎక్కి దిగి, పుస్తకాల సంచీ తలమీద పెట్టుకుని ఇంటికి నడిచింది రాసింది, గుమ్మంలో వాళ్ళ నాన్న తనని గుర్తుపట్టలేదట. ఆ నెల ఉత్తరంలో దాని పక్కనే ఇప్పటి సంగతి పెట్టాం: ఆ హాలు పైకప్పు వానకి కారుతోందనీ, పిల్లలు కంచాలు పట్టుకుని గోడవార నిలబడి తింటున్నారనీ, ఫొటోతో సహా. ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగు రోజుల్లో ఆ రాత్రి బల్లలు పట్టుకున్న బ్యాచ్‌వాళ్ళే ఫోన్ చేసి కప్పు బాగుచేయించడానికి ఎంతవుతుందని కనుక్కున్నారు.

డే స్కాలర్లని వదిలెయ్యకండి. రాసేవాళ్ళలో హాస్టలువాళ్ళు ఎక్కువ, దాంతో కాలేజీ అంటే హాస్టలే అన్నట్టు తయారవుతుంది. తెల్లారగట్ల లేచి, కాలవగట్టు మీద సైకిల్ తొక్కి, రేవు దాటి, బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడి వచ్చినవాళ్ళకి చెప్పడానికి చాలా ఉంటుంది, ఎవరూ అడగరంతే. వాళ్ళకోసం విడిగా ఒక నెల దారి మీద రాయండి. మధ్యాహ్నం క్యారేజీలో ఏం ఉండేదో అడగండి.

గొప్పవాళ్ళ పేర్ల దగ్గర ఆగిపోవడం ఇంకో పొరపాటు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పాఠం చెప్పారు, కాకినాడ పీఆర్ కాలేజీకి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేశారు, ఇవి ఒక్కసారి రాస్తే గర్వంగా చదువుతారు, ప్రతిసారీ రాస్తే గోడమీద బోర్డులా చూసీ చూడనట్టు పోతారు. రాయాలంటే ఇవాళ్టితో ముడిపెట్టి రాయండి. రాజమండ్రి కాలేజీలో ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర ఒక కుర్రాడి చేతిలో బొమ్మ చూసి వెన్ను తట్టాడు, ఆ కుర్రాడే దామెర్ల రామారావు. 1925లో చిన్నవయసులోనే పోయారు, కానీ ఆయన పేరు మీద రాజమండ్రిలో చిత్రశాల ఉంది. ఈ సంగతి రాసి, ఈ ఏడు కాలేజీలో బొమ్మలు వేసే పిల్లలు ఎవరో కనుక్కుని, వాళ్ళని ఆ చిత్రశాలకి తీసుకెళ్ళి, వాళ్ళు అక్కడ ఏ బొమ్మ ముందు ఎక్కువసేపు నిలబడ్డారో రాయండి.

ఫొటోల విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. గ్రూప్ ఫొటోని ఫోన్‌తో తీసేటప్పుడు ఫ్రేములోంచి బయటికి తీసి, కిటికీ వెలుగులో, నిలువుగా పైనుంచి తియ్యండి, అద్దం మీద ఫ్లాష్ కొడితే మొహాలు పోతాయి. ఫొటో వెనక వైపు కూడా తియ్యాలి, స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేర్లు అక్కడే ఉంటాయి. వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే కుదించేస్తుంది, వెనక వరసలో మొహాలన్నీ ఉప్మా అయిపోతాయి. మొహాలకి వరసవారీగా ఎడమనుంచి నంబర్లు వేసి, "రెండో వరస 7 ఎవరు?" అని అడగండి.

అలా మేం పంపిన ఒక నలుపు తెలుపు ఫొటోలో, కుర్చీల వరస పక్కన, సగం ఫ్రేము బయట, భుజం మీద తువ్వాలుతో, చేతిలో కెటిల్‌తో ఒకాయన ఉన్నారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ పేర్లన్నీ రెండు రోజుల్లో వచ్చాయి, ఆయనది రాలేదు. అందరూ "టీ ఆయన" అనే రాశారు. పదోరోజున దుబాయ్ నుంచి ఒకాయన, ఫైనలియర్ మొత్తం తనకి అప్పు మీద టీ పోశాడనీ, లెక్క ఏనాడూ రాసుకోలేదనీ, పేరు ఫలానా, ఊరు ఫలానా అని పంపారు. మేం ఇద్దరం ఆ ఊరు వెళ్ళాం. అరుగు మీద కూర్చుని ఫొటో కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తన బొమ్మ దగ్గర ఆగలేదు. వేలు నెమ్మదిగా కుర్చీల వెనక వరస మీదికి పోనిచ్చి, ఒక మొహం మీద పెట్టి, "ఈ బాబుకి పంచదార ఎక్కువ వెయ్యాలండీ" అన్నారు. ఆ బాబు ఇప్పుడు పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆ నెల ఉత్తరం అదే, ఇంకేం రాయలేదు. అందుకే చెబుతున్నాను, అటెండర్లూ వంటవాళ్ళూ వాచ్‌మన్లూ తోటమాలులూ, వీళ్ళ జాబితా కూడా రాసుకోండి, వీళ్ళ పేర్లు ఏ సావనీరులోనూ ఉండవు. మాస్టార్లకంటే ముందు వీళ్ళ దగ్గరికి వెళ్ళండి అని కూడా అంటాను.

పెద్ద మాస్టార్ల గొంతు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, ఫోన్ విమానం మోడ్‌లో పెట్టి, ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళొకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. కొత్తవాళ్ళతో మాస్టారు ఉపన్యాసం చెబుతారు, శిష్యుడైతే "ఏరా, ఆ రోజు కిటికీ దూకింది నువ్వే కదూ" అంటారు. మనకి కావలసింది రెండోది. అరగంటకి మించి కూర్చోబెట్టకండి.

కబుర్లు తేవడం దగ్గరికి వస్తే, ఇప్పుడు చదువుతున్న ఇద్దరు పిల్లలు మీతో ఉండాలి, ఒకరు రెండో ఏడు, ఒకరు మూడో ఏడు, అప్పుడు ఒకరు వెళ్ళిపోయినా తాడు తెగదు. కాలేజీ ఇచ్చే ప్రెస్ నోట్ యథాతథంగా పెట్టకండి. "ముఖ్య అతిథి జ్యోతి ప్రజ్వలన గావించారు" అన్న వాక్యం ఏ పూర్వ విద్యార్థీ ఇంతవరకు పూర్తిగా చదవలేదు. పిల్లల్ని ఇవి అడగండి: ఈ నెల క్యాంటీన్‌లో కొత్తగా ఏం వచ్చింది, ఏ గ్రూపులో సీట్లు మిగిలిపోయాయి, ఏ మాస్టారు రిటైరవుతున్నారు, హాస్టల్లో నీళ్ళు వస్తున్నాయా, ఏ చెట్టు కొట్టేశారు. మంచి కబుర్లే కాదు, బాధ కలిగించేవీ రాయాలి. ఒక గ్రూపు మూతపడితే ఆ గ్రూపు చదివినవాళ్ళకి తెలియాలి కదా. కాలేజీ యాజమాన్యం కొంచెం ఇబ్బంది పడుతుంది, ముందే వెళ్ళి చూపించండి, తప్పుంటే దిద్దుకోండి, నిజమైతే తియ్యకండి.

ఒక ఉత్తరం ఎలా ఉంటుందో చూపిస్తాను:

"లైబ్రరీ వెనక నిద్రగన్నేరు చెట్టు కింద సిమెంటు బల్ల గుర్తుందా? దానిమీద బ్లేడుతో చెక్కిన పేర్లు మొన్న వెళ్ళి లెక్కపెట్టాం, పదిహేడు చదవగలిగాం, ఫొటో కింద ఉంది. అందులో మీ పేరుంటే చెప్పండి. ఆ బల్ల మీద ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి పోటీ పరీక్షలకి చదివే పిల్లలు కూర్చుంటున్నారు, లైబ్రరీ తొమ్మిదింటికి గానీ తెరవరు కాబట్టి. మూడో ఏడు చదువుతున్న అమ్మాయి ఒకామె చెప్పింది, చలికాలం వెలుగు చాలక ఫోన్ టార్చి పెట్టుకుంటున్నారట."

అంతే. ఇంతకంటే పొడుగైతే ఫోన్లో చదవరు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి పంపండి, ఇక్కడివాళ్ళు టిఫిన్ చేసి తీరిగ్గా ఉంటారు, అమెరికాలో శనివారం రాత్రి, ఇంకా పడుకోరు. వాట్సాప్ గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు, అదీగాక అందరూ మాట్లాడే గ్రూపులో ఉత్తరం కొట్టుకుపోతుంది. ఉత్తరం వచ్చే గ్రూపులో అడ్మిన్లే రాయాలి, కబుర్లు చెప్పుకోవడానికి బ్యాచ్ గ్రూపులు విడిగా ఉండాలి. పార్టీ, కులం మాట ఎవరు తెచ్చినా, ఎంత పెద్దవారైనా, ఒకసారి విడిగా ఫోన్ చేసి చెప్పండి, రెండోసారి తీసెయ్యండి. మన వైపు గ్రూపులు ఎక్కువగా పగిలేది దీనితోనే, మొహమాటపడితే మిగిలిన అందరూ నిశ్శబ్దంగా వెళ్ళిపోతారు. వాట్సాప్ లేని పెద్దవాళ్ళకి ప్రింటు తీసి పోస్టులో పంపండి. మాకు అలాంటివాళ్ళు ముప్పైమంది దాకా ఉన్నారు, తిరిగి చేత్తో రాసేది వాళ్ళే.

చావు కబుర్లు జాగ్రత్త. ఒకసారి మా కాలేజీలో ఒకే ఇంటిపేరున్న ఇద్దరు మాస్టార్లలో ఒకరు పోయారని ఎవరో మెసేజ్ పెడితే, నేను హడావిడిలో రెండోవారి ఫొటో పెట్టి పంపేశాను. పావుగంటలో వాళ్ళమ్మాయి ఫోన్. అప్పటికే ఇంటికి నలుగురు ఫోన్ చేసి ఏడ్చారట, మాస్టారి భార్య గారికి బీపీ పెరిగి పడుకున్నారట. ఆ సాయంత్రమే వెళ్ళి కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడిగాను, ఆయన మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు, నాకు ఇప్పటికీ ఆ మాట రాస్తుంటే గుండె బరువెక్కుతుంది. ఆనాటినుంచి మా నియమం: ఇంట్లోవాళ్ళతో మాలో ఒకరు స్వయంగా మాట్లాడితే తప్ప పంపం, రెండో మనిషి చదివి సరేనంటే తప్ప పంపం, ఒకరోజు ఆలస్యమైనా పర్వాలేదు. చావు కబురు నెల ఉత్తరంలో కలపం, దానికది విడిగా వెళ్తుంది, కింద ఆ మనిషి గురించి శిష్యులో స్నేహితులో రాసిన నాలుగు లైన్లు ఉంటాయి.

డబ్బు మొదటి ఏడాది అడక్కండి. కాలేజీల నాణ్యతని చూసే న్యాక్ సంస్థ మదింపులో పూర్వ విద్యార్థుల పాత్రని కూడా చూస్తారు, అందుకని చాలా కాలేజీలు ఆ బృందం వచ్చే ముందు మాత్రం ఫోన్లు చేసి సంతకాలు, చందాలు అడుగుతాయి. జనానికి అది తెలుసు, అందుకే సంఘం అనగానే జేబు తడుముకుంటారు. అడిగే రోజు వస్తే వస్తువు పేరు చెప్పి అడగండి, "ఆ బల్ల దగ్గర రెండు లైట్లు" అని, బిల్లు ఫొటో మర్నాడే పెట్టండి. సంఘం రిజిస్టర్ చేయించాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి ఉండాలి. భారత పాస్‌పోర్టు మీదే ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఆ కిందికి రాదు. ఆడిటర్‌ని కనుక్కోకుండా పైసా తీసుకోవద్దు.

కలుసుకోవడం సంక్రాంతికే పెట్టుకోండి, ఎక్కడున్నవాళ్ళైనా అప్పుడు ఊరికి వస్తారు. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ వదిలెయ్యండి, ఇళ్ళలో అల్లుళ్ళూ పిండివంటలూ పందేలూ, ఎవరూ కదలరు. ముక్కనుమ నాడు గానీ భోగికి రెండు రోజుల ముందు గానీ బాగుంటుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో సంక్రాంతి బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి, అందుకని తేదీ అక్టోబరు చివరికల్లా చెప్పెయ్యాలి. సభ కింది అంతస్తులో, బాత్రూం దగ్గరగా ఉండే గదిలో పెట్టండి, మోకాళ్ళ నొప్పులవాళ్ళే ఎక్కువ. ఉపన్యాసాలకి గంట, మిగతాదంతా భోజనాలకీ తిరగడానికీ. ఇప్పటి పిల్లలు వడ్డించడానికి మాత్రమే కాకుండా, బంతిలో పెద్దవాళ్ళ మధ్య కూర్చునేలా చూడండి. మేం హాజరు రిజిస్టరు ఒకటి పాత పద్ధతిలో చేయించి, బ్యాచ్‌ల వారీగా నంబర్లు పిలిచాం. డెబ్బై ఏళ్ళావిడ లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అనగానే హాలంతా ఒక్కసారి మౌనమైపోయింది, తర్వాత చప్పట్లు.

ఈ వారం మొదలుపెట్టాలనుకుంటే ఇంత చాలు: ఒక చోటు ఎంచుకోండి, కాలేజీకి వెళ్ళి ఆ చోటు ఫొటో ఇవాళ ఉన్నది ఉన్నట్టు తియ్యండి, అక్కడున్న పిల్లల్లో ఒకరితో పది నిమిషాలు మాట్లాడండి, ఇంటికొచ్చి మీ బ్యాచ్‌లో ఐదుగురికి ఆ ఫొటోతో ఒక్క ప్రశ్న పంపండి. జవాబు రాసినవాళ్ళకి ఆ రోజు రాత్రి పడుకునేలోపు తిరిగి రాయండి.